బస్సు వెళ్లని మెట్ట మీది మొక్క

వృక్షశాస్త్రం చదివి అడవి మొక్కల సర్వేలకు వెళ్లబోయే యువతీయువకులు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. ఎన్ని మొక్కలను గుర్తించారు, ఏ పుస్తకాలు చదవమంటారు అని అడుగుతారు. మొదటి ప్రశ్నకు సమాధానం నాకే సరిగా తెలియదు. రెండవదానికి సమాధానం గ్రంథాలయంలో దొరుకుతుంది. ఎక్కడెక్కడ పొరబడ్డారని మాత్రం ఇంతవరకు ఎవరూ అడగలేదు. ముప్పై యేళ్లకు పైబడిన ఉద్యోగంలో నేను నేర్చుకున్నదంతా ఆ ప్రశ్నలోనే ఇమిడి ఉంది కనుక, అడగకపోయినా చెప్పుకుంటున్నాను. ఏ యేట ఏ హోదా వచ్చింది, ఏ కాగితం ఎక్కడ నిలిచిపోయింది అన్న విషయాలు వదిలివేస్తున్నాను. అవి అందరి ఉద్యోగాల్లోనూ ఒకలాగే ఉంటాయి.

పది చోట్లు

నా నివాసం తాడేపల్లిగూడెం. పాఠం చెప్పిన కళాశాల ఏలూరులో. ఉదయం పాసింజరు రైలులో వెళ్లి సాయంకాలం పాసింజరులో తిరిగి రావడం నా జీవితానికి తాళగతి వంటిది. ఈ వివరం ఎందుకు చెబుతున్నానో ముందు ముందు తెలుస్తుంది.

రెండు వేల సంవత్సరం దాటిన తొలినాళ్లలో జిల్లా అధికారులు మా వృక్షశాస్త్ర బృందానికి ఒక పని అప్పగించారు. అప్పటి పశ్చిమ గోదావరి జిల్లాలో అరుదైన అడవి మొక్కలు, వాటిలోనూ ఈ నేలలో తప్ప మరెక్కడా పెరగని మొక్కలు ఏయే చోట్ల మిగిలి ఉన్నాయో చూడాలి. వాటిలో ముందుగా కాపాడవలసిన చోట్లను ఎంచి జాబితా ఇవ్వాలి. జాబితా పది చోట్లకు మించకూడదు.

మెట్ట ప్రాంతంలో గ్రావెలు తవ్వకాలు జోరందుకున్న రోజులవి. ఊరూరా రోడ్లు పడుతున్నాయి. రోడ్డుకు ఎర్రమట్టి కావాలి. ఎర్రమట్టి మెట్టల్లో ఉంది. ద్వారకా తిరుమల దాటి కామవరపుకోట వైపు వెళుతుంటే, నిన్న దిబ్బగా కనిపించినది నేడు గొయ్యిగా కనిపించేది. తవ్వకానికి అనుమతి ఇచ్చేముందు మీ జాబితా చూస్తామని అధికారులు మాట ఇచ్చారు. అంటే జాబితాలో ఉన్న చోటు నిలుస్తుంది, లేనిది లారీ ఎక్కుతుంది. మా కలం చివర ఉన్నది ఇంత బరువైన సంగతి అని గ్రహించడానికి నాకు చాలాకాలం పట్టింది.

బృందానికి పెద్ద రాఘవరావు గారు. గంజి పెట్టిన తెల్లని దుస్తులు, చేతిలో ఫ్లాస్కు, మాటలో పొదుపు. కొండ ఎక్కి పదేళ్లయి ఉంటుంది గాని, ఎదుటివారి నివేదికలో ఎక్కడ గుల్ల ఉందో వేలుపెట్టి చూపగలరు. "పదే ఎందుకండీ, పాతిక ఇస్తే ఏం పోయింది?" అని నేను మొదట్లో అడిగాను.

"పాతిక ఇస్తే ఒక్కటి కూడా కాపాడరండి. పదంటే పదే. పదకొండోదాని కోసం మీరు నాతో దెబ్బలాడే రోజు రావాలి. అప్పుడు గాని మొదటి పదింటిని సరిగ్గా చూసేరో లేదో తెలీదు" అన్నారాయన. ఆ రోజున ఆ మాట నాకు పెళుసుగా తోచింది.

ఖాదర్ గారి ప్రశ్న

మా హెర్బేరియం గదిని చూసుకునేవారు ఖాదర్ గారు. హెర్బేరియం అంటే ఎండిన మొక్కల గ్రంథాలయం. తెచ్చిన మొక్కను వార్తాపత్రికల నడుమ పెట్టి, చెక్కపలకల మధ్య బిగించి, ఆరిన తరువాత మందపాటి కాగితానికి కుట్టి, కింద లేబుల్ అంటిస్తారు. ఏ మొక్క, ఎవరు తెచ్చారు, ఏ చోటు నుంచి అన్నది ఆ లేబుల్‌లో ఉంటుంది. ఖాదర్ గారిది ఏలూరులో తరతరాలుగా తివాచీలు నేసిన కుటుంబం. మగ్గం వదిలి ఆయన ఈ ఉద్యోగంలోకి వచ్చినా వేళ్లు మాత్రం మగ్గాన్ని వదలలేదు. ఆయన కుట్టిన కాడ పదేళ్ల తరువాత చూసినా బిగి సడలదు. ఆయన నాకంటె వయసులో పెద్దవారు. ఆయన నన్ను 'మేష్టారు' అనేవారు, నేను ఆయనను 'ఖాదర్ గారు' అనేవాడిని. ఉద్యోగంలో ఎవరి మెట్టు పైన అన్నది మా మధ్య ఎన్నడూ చర్చకు రాలేదు.

రెండేళ్లు తిరిగాక పది చోట్ల జాబితా సిద్ధమైంది. కొల్లేటి లంకల్లో రెండు, ఉంగుటూరు కాలువల వెంట ఒకటి, తక్కినవి మెట్టలో. ఏ మొక్క ఎక్కడ దొరికిందో పల్చని ట్రేసింగు కాగితం మీద గీసిన జిల్లా పటంలో ఎర్రచుక్కలు పెట్టి జతచేయమని రాఘవరావు గారు చెప్పారు. ఖాదర్ గారు లేబుళ్లన్నీ ముందేసుకుని వారం రోజులు చుక్కలు పెట్టారు. చివరి రోజు సాయంకాలం నేను రైలుకు బయలుదేరుతుంటే పిలిచారు.

"ఏవండీ మేష్టారూ, ఓసారి ఇలా వస్తారా?"

"రైలుకి టైమైందండీ."

"రైలు రేపూ ఉంటుందండీ. తివాచీ నేశాక తిరగేసి చూస్తాం. ముందువైపు పువ్వులు మనల్ని మాయ చేస్తాయి గాని, వెనకవైపు ముళ్లు అబద్ధం చెప్పవు." ఇలా అని ఆ ట్రేసింగు కాగితాన్ని బోర్లించి కిటికీ అద్దానికి ఆనించి పట్టుకున్నారు.

వెనకనుంచి ఊళ్ల పేర్లు చదవడానికి రావు. ఎర్రచుక్కలు మాత్రమే కనిపిస్తాయి. ఏలూరు నుంచి భీమడోలు మీదుగా ద్వారకా తిరుమల, అక్కడినుంచి కామవరపుకోట దాకా ఒక ఎర్రని తీగ సాగింది. ఉంగుటూరు మీదుగా తాడేపల్లిగూడెం దాకా మరొకటి. కొల్లేటి వైపు ఇంకొకటి. తీగకు ఇరుపక్కలా కాగితమంతా తెల్లగా ఉంది.

"నాకు చదువు తక్కువండీ, తెలీక అడుగుతున్నాను" అన్నారు ఖాదర్ గారు, ముఖంలో ఏ భావమూ కనపడనీయకుండా. "ఈ మొక్కలు కూడా బస్సు కోసమే నిలబడతాయాండీ?"

నాకు నవ్వు వచ్చింది. ఆ వెనువెంటనే సిగ్గు వేసింది. ఉదయం బస్సులో వెళ్లడం, దిగిన చోటికి చుట్టూ ఒక మైలు తిరగడం, ఆఖరి బస్సు అందుకోవడం, ఏలూరులో పాసింజరు ఎక్కడం. రెండేళ్లపాటు నేను మొక్కలను వెతికానని అనుకున్నాను. నిజానికి బస్సుల రాకపోకలను నమోదు చేశాను. అరుదైన మొక్క ఉన్న చోటు, నేను తరచుగా వెళ్లే చోటు అనే రెండింటికీ మధ్య తేడా నా జాబితాలో లేదు.

ఆ రాత్రి రైలులో కూర్చుని కాగితం మీది తెల్లని చోట్ల గురించి ఆలోచించాను. ఈ పనిలోకి వచ్చేవారికి నేను ఇచ్చే మొదటి సలహా ఇదే: మీ పటాన్ని ఒకసారి బోర్లించి చూసుకోండి. మొక్కలు కనిపిస్తే అది సర్వే. మీ ప్రయాణాలు కనిపిస్తే డైరీ.

ఏమీ లేదని రాసుకున్న చోటు

జాబితా పంపడానికి రాఘవరావు గారిని మరొక యేడు గడువు అడిగాను. కారణం చెప్పలేక చెప్పలేక చెప్పాను. ఆయన ఫ్లాస్కు మూత తిప్పుతూ విని, "మూడు నెలలు" అన్నారు. తరువాత ఆ మూడు నెలలు ఎలాగో తొమ్మిదయ్యాయి.

ఆ వేసవి మొదట్లో కామవరపుకోటలో బస్సు దిగి, రోడ్డును వదిలి మెట్టల్లోకి నడవడం మొదలుపెట్టాను. ఒకనాడు మధ్యాహ్నానికి నీళ్ల సీసా ఖాళీ అయింది. పామాయిలు తోటల మధ్య బాట పట్టుకుని ఒక చిన్న ఊరు చేరాను. ఆ ఊరి పేరు ఇక్కడ రాయను. ఎందుకు రాయనో తరువాత చెబుతాను.

ఊరి మొదట్లో ఒక పెద్దావిడ అరుగు మీద కూర్చుని కొడవలికి పదును పెడుతున్నారు. పేరు రాహేలమ్మ. మిషనరీల కాలం నుంచి ఉన్న చిన్న క్రైస్తవ సంఘంలో వారిది ఒక కుటుంబం. భర్త పోయి చాలాకాలమైంది. కూలికి వెళ్లి కొడుకును పెంచి, కోడలిని తెచ్చుకున్నారు. నన్ను చూసి కొడవలి పక్కన పెట్టారు.

"వందనాలండీ. ఎండన పడి వచ్చేరు. మంచినీళ్లు పుచ్చుకుంటారా, మజ్జిగ తెమ్మంటారా?"

"మంచినీళ్లు చాలండీ."

"ఒసేయ్ శాంతకుమారీ, మజ్జిగ పట్టుకురా" అని లోపలికి కేకేసి, నావైపు తిరిగి "మొహమాటస్తులకి అడక్కుండానే ఇవ్వాలండి" అన్నారు.

ఈస్టరుకు వారం రోజుల ముందు సమాధుల తోటను బాగుచేయడం ఆ సంఘంలో ఆచారం. గడ్డి కోసి, సమాధులకు సున్నం వేసి, ఈస్టరు వేకువన దీపాలు వెలిగించి ప్రార్థన చేసుకుంటారు. ఆవిడ ఆ పని మీదే బయలుదేరుతున్నారు. నేనూ వెంట నడిచాను.

ఊరవతల గులకరాళ్లు కలిసిన ఎర్ర గరప నేల. వాలుగా పైకి లేచిన మెట్ట. కింది భాగంలో సమాధులు, పైన బోడి రాళ్లు. వాలుకు అవతలి పక్క మెట్టను అప్పటికే సగం తవ్వేశారు. తవ్విన అంచు పచ్చిపుండులా ఎర్రగా ఉంది. రాహేలమ్మ గారు ఆ వైపు చూపించారు.

"వచ్చే యేడు ఈ పైది కూడా అడిగేరంటండీ. సమాధులు ముట్టుకోం, పైది మాత్రమే అంటున్నారు. పైది తవ్వితే కిందది నిలుస్తుందాండీ? రెండు వానలకి మా వాళ్లంతా జారిపోరూ?"

ఆమెకు సంబంధించినంతవరకు సమస్య అంతే. ఆ మట్టిలో ఆమె భర్త ఉన్నాడు, అత్తమామలు ఉన్నారు, పురిటిలో పోయిన బిడ్డ ఉంది. నేను సానుభూతితో తల పంకించి, నా పని నేను చేశాను. గంటసేపు వాలంతా తిరిగి చూశాను. ఎండిన గడ్డి, వాడిపోయిన తుప్పలు, రాళ్లు. నోటుపుస్తకం తీసి "విశేషమేమీ లేదు" అని రాసుకున్నాను.

చిన్ననాట మా నాన్నగారు నన్ను మొదట సంస్కృతాంధ్రాలు చదివించారు. పొన్న, పొగడ, మొల్ల, మాధవి అనే పేర్లు, ఆ చెట్లను చూడకముందే నా నోటికి వచ్చాయి. ప్రాచీన ప్రబంధకవి తన ఉద్యానవనంలో ఆరు ఋతువుల పూలనూ ఒకేనాడు పూయిస్తాడు. అది శాస్త్రవిరుద్ధమని కళాశాల రోజుల్లో నేను కొంచెం హేళన కూడా చేసేవాణ్ణి. ఒక్క వేసవి మధ్యాహ్నపు గంట చూసి ఆరు ఋతువులకూ తీర్పు రాసిన నేను ఆ కవికంటె పెద్ద తప్పు చేశాను. ఆయన లేని పూలను ఉన్నాయన్నాడు, ఎవరికీ నష్టం లేదు. నేను ఉన్నవాటిని లేవన్నాను.

తిరిగి వస్తుంటే రాహేలమ్మ గారు అడిగారు. "ఏం వెతుకుతున్నారండీ ఇంతకీ?"

చెప్పాను. ఇక్కడ తప్ప ఎక్కడా దొరకని మొక్కలని.

"అయితే ఇప్పుడెందుకొచ్చేరండీ? తొలివాన పడ్డాక రావాలి గాని. అప్పుడు వానగడ్డ లేస్తుంది. జానెడు కూడా ఉండదండి. బొట్టుబిళ్లంత పువ్వు, నేరేడుపండు రంగు. దగ్గరికెళితే కంపు. ఈగలు ముసురుతాయి."

"మిగతా మెట్టల మీద ఉందాండీ?"

"మా చిన్నప్పుడు అన్నిచోట్లా ఉండేదండి. మేకలు కాసుకుంటూ తవ్వుకుని తినేవాళ్లం, తియ్యగా ఉంటుంది గడ్డ. తినేసేం, దున్నేసేరు, అయిపోయింది. ఇక్కడ మాత్రం తవ్వకూడదండి. చనిపోయినవాళ్ల మట్టిలోది తింటారా ఎవరైనా?"

కామవరపుకోట దాకా నడుస్తూ ఈ వర్ణనను మనసులో తిప్పాను. కంపు కొట్టే ఊదారంగు పువ్వు, ఈగలు, నేలలో దుంప, తొలివానకు మొలక. జిల్లేడు కుటుంబంలో ఇలాంటి చిన్న దుంపమొక్కలు కొన్ని ఉన్నాయి. తూర్పు కనుమల ప్రాంతంలో ఒక్కొక్కటి ఒక్కొక్క చోటికే పరిమితమై ఉంటుంది. పుస్తకాల్లో చదివిన విషయమే ఆవిడ నోట వినిపించింది. బస్సు ఎక్కాక నోటుపుస్తకం తెరిచి "విశేషమేమీ లేదు" అన్న వాక్యం పక్కన ప్రశ్నార్థకం పెట్టాను. కొట్టివేయడానికి అహం ఒప్పుకోలేదు.

తొలివాన తరువాత

తొలివాన పడిన మూడవ రోజున వెళ్లాను. రాహేలమ్మ గారు నా కోసం ఎదురుచూస్తున్నట్టు కనిపించలేదు గాని, నన్ను చూడగానే చీపురు గోడకు ఆనించి లేచారు.

"చెప్పులు ఇక్కడ వదిలేయండి. లేకపోతే తొక్కేస్తారు."

సమాధుల మధ్య, ఆమె చూపిన చోట, మోకాళ్ల మీద కూర్చున్నాను. ముందు ఏమీ కనిపించలేదు. తరువాత ఒకటి కనిపించింది. అది కనిపించాక చుట్టూ అన్నీ కనిపించాయి. రాళ్ల సందుల్లో, సున్నం వేసిన సమాధుల అంచుల్లో, వేలెడంత మొక్కలు, వాటి మొదట్లో ముదురు ఊదా పూలు. కుళ్లిన మాంసపు వాసన. ఆ వాసనను అంత ప్రేమతో పీల్చినవాడు మరొకడు ఉండడు. భూతద్దంతో చూస్తే రేకుల అంచులు నూగుతో మెరిశాయి. నా సంచీలోని ఏ పుస్తకపు వర్ణనకూ అది పూర్తిగా సరిపోలేదు.

అంతకుముందు నేనైతే గునపంతో దుంపతో సహా పెకలించేవాణ్ణి. పూర్తి నమూనా కావాలన్నది మాకు నేర్పిన పద్ధతి. చివరి మొక్కను పెకలించి పూర్తి నమూనా సాధించిన వృక్షశాస్త్రవేత్తలు లోకంలో లేకపోలేదు. నేను గునపం తీస్తుంటే రాహేలమ్మ గారు నా చేతివైపు చూశారు. నేను దానిని సంచీలో పెట్టేశాను.

"ఒక్కటి కోసుకోవచ్చాండీ? పైభాగమే. గడ్డ కదపను."

"ఒక్కటేనండి" అన్నారామె.

అలా తెచ్చిన మొక్కను ఖాదర్ గారు రెండు రోజులు బొమ్మలా చూసుకున్నారు. కుట్టడానికి ఎర్రదారం కాదు, మట్టి రంగు దారం ఎంచారు. నిపుణుల పరిశీలనకు బొమ్మలు, ఫోటోలు పంపాము. నెలలు గడిచాక, ఈ జిల్లాలో ఇంతకుముందు నమోదు కానిదనీ, చాలా అరుదైనదనీ రాసి పంపారు. నాకు అంత చాలు.

పదిలో ఒకటి తీసివేయడం

రాఘవరావు గారి ముందు కూర్చుని, ఈ వాలును జాబితాలో చేర్చాలన్నాను.

"శ్మశానం" అన్నారాయన.

"సమాధుల తోటండీ."

"పేరు మార్చితే చోటు మారదు గదండీ. ఒక పక్క కొల్లేరంటాం, ఒక పక్క శ్మశానమంటాం. చదివేవాళ్లు ఏమనుకుంటారు? సరే, అది కాదు సంగతి. పది నిండేయి. దేన్ని తీస్తారు?"

నేను సిద్ధంగానే వచ్చాను. ఉంగుటూరు కాలువ వెంట ఉన్న చోటు నా దృష్టిలో అన్నిటికంటె బలహీనమైనది. ఆ మాటే చెప్పాను. ఆయన తల అడ్డంగా ఊపారు.

"అది మీరు అంతంత మాత్రంగా చూసిన చోటు, తీసేయడం తేలిక. మీకు అన్నిటికంటే ఇష్టమైంది ఏదో దాన్ని ముందు కొట్టేయండి చూద్దాం. అది కొట్టేయగలిగితే మిగతావాటి మీద మీ మాట నమ్ముతాను."

నాకు అన్నిటికంటె ఇష్టమైన చోటు కొల్లేటిలో ఒక లంక పక్కన ఉన్న తామరకొలను. కిక్కిసగడ్డి మధ్య దోనె వేసుకుని వెళితే ఒక్కసారిగా తెరుచుకునేది. తెల్లవారుజామున ఆ తామరలు విచ్చుకోవడం చూసినవాడికి చిన్నప్పుడు కంఠస్థం చేసిన పద్యాలన్నీ ఒక్కసారిగా అర్థమవుతాయి. చేపల చెరువులు నలువైపులా కమ్ముకొస్తున్న కాలంలో అది మిగిలి ఉండటమే నాకు పరమానందంగా ఉండేది. జాబితాలో దానికి మొదటి స్థానం ఇచ్చింది నేనే.

ఇంటికి వెళ్లి ఆ కొలనులో నమోదుచేసిన మొక్కల పట్టికను మళ్లీ చదివాను. తామర, కలువ, కిక్కిస, నాచుజాతులు. అన్నీ సుందరమైనవే. ఒక్కటైనా ఈ నేలకే పరిమితమైనది లేదు. దేశంలో సగం చెరువుల్లో దొరుకుతాయి. కొల్లేటిని కాపాడవలసిన కారణాలు వేయి ఉన్నాయి. పక్షులున్నాయి, చేపలున్నాయి, నీరుంది, మనుషులున్నారు. వాటికోసం వేరే జాబితాలున్నాయి, వేరే మనుషులు పోరాడుతున్నారు. నా జాబితాకు అడిగిన ప్రశ్న మాత్రం ఒక్కటే: ఇది ఇక్కడ పోతే లోకంలో పోయినట్టేనా? తామరకొలను విషయంలో నా సమాధానం 'కాదు' అన్నదే. సమాధుల తోట విషయంలో బహుశా అవును.

అందాన్నీ అరుదునూ ఒకటిగా పొరబడటం మా వృత్తిలో అతి సాధారణమైన దోషం. అందమైనది మనల్ని తనవైపు తిప్పుకుంటుంది. అరుదైనది కంపుకొడుతూ కాళ్ల కింద ఉంటుంది.

మరునాడు రాఘవరావు గారి బల్ల మీదనే తామరకొలనును కొట్టివేశాను. గీత కొంచెం వంకరపోయింది. ఆయన ఆ కాగితం తీసుకుని, కాసేపు చూసి, ఫ్లాస్కులోంచి కాఫీ పోసి మొదటిసారిగా నాకూ ఒక కప్పు ఇచ్చారు. తామరకొలను ఆయనకూ ఇష్టమేనని చాలా ఏళ్ల తరువాత తెలిసింది.

కంచె

జాబితాలో చివరి గడి 'రక్షణకు చేయవలసినది'. తొమ్మిది చోట్లకూ అలవాటుగా రాసిన వాక్యాన్నే పదవదానికీ రాశాను: "చుట్టూ కంచె వేసి, మనుషుల ప్రవేశాన్నీ గడ్డి కోతనూ నిషేధించాలి."

నివేదిక పంపేముందు స్థానికులకు చదివి వినిపించాలని రాఘవరావు గారి నియమం. వానలు తగ్గాక వెళ్లి రాహేలమ్మ గారి అరుగు మీద కూర్చుని చదివాను. పైభాగం తవ్వడానికి వీల్లేదన్న దగ్గర ఆమె ముఖం వికసించింది. కంచె దగ్గరకు వచ్చేసరికి చూపు కొడవలి వైపు వెళ్లింది.

"అంటే గ్రావెలువాళ్లు రారన్నమాట."

"రారండి."

"మేమూ రాకూడదన్నమాట."

నేను ఆ వాక్యాన్ని మరొకసారి చదువుకున్నాను.

"మరి మా ఆయన్ని చూసుకోడానికి ఎవర్నడగాలండీ? మిమ్మల్నా?" అన్నారు. గొంతులో కోపం లేదు. నిజంగానే తెలుసుకోవడానికి అడిగినట్టుగా అడిగారు.

కోడలు శాంతకుమారి గుమ్మంలో నిలబడి వింటోంది. "గడ్డి కొయ్యకపోతే పువ్వులు రావండీ. చూపిస్తాను రండి" అంది.

సమాధుల తోట హద్దురాళ్లు దాటిన వెంటనే, అదే ఎర్రనేల మీద, ఎవరూ కొయ్యని గడ్డి నడుము ఎత్తున ఉంది. నేను దానిని రెండు చేతులా పాయతీసి, పది అడుగులు, ఇరవై అడుగులు వెతికాను. ఒక్క వానగడ్డ మొక్క కూడా లేదు. హద్దురాయికి ఇవతల, ప్రతి ఈస్టరుకూ కొడవలి తగిలే చోట, కాయలు పగిలి పట్టులాంటి దూది ఎగురుతోంది. ఈస్టరుకు కోస్తే తొలివానకు నేల తెరిపిన పడుతుంది, మొలకకు వెలుగు అందుతుంది. పార వాడరు గనుక దుంప కదలదు. చనిపోయినవారి మట్టిలోది తినరు గనుక ఎవరూ తవ్వరు. ఇన్ని తరాలుగా ఆ మొక్కను కాపాడింది ఈ మనుషుల రాకే. నేను రక్షణ పేరుతో నిషేధించబోయినది సరిగ్గా దానినే. ఆ కంచె పడితే మూడు నాలుగేళ్లలో గడ్డి గెలిచేది. నా నివేదిక మాత్రం భద్రంగా ఉండేది.

అరుగు మీదికి తిరిగివచ్చి, ఆ వాక్యాన్ని కొట్టివేసి, దాని స్థానంలో ఇలా రాశాను: "ఈ సంఘంవారు ఇప్పుడు చేస్తున్నదే యథాతథంగా కొనసాగనివ్వాలి. ప్రతి సంవత్సరం ఈస్టరుకు ముందు కొడవలితో గడ్డి కోయాలి. పార, నాగలి, యంత్రం తగలరాదు. పైవాలును తవ్వరాదు." చదివి వినిపించాను.

"ఇది రాయడానికి రెండేళ్లు చదివేరాండీ?" అన్నారు రాహేలమ్మ గారు. శాంతకుమారి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మూడండీ" అన్నాను.

నివేదిక వెళ్లింది. ఆ పైవాలుకు అనుమతి రాలేదు. గ్రావెలు లారీలు ఆ దారి వదిలి మరొక మెట్టకు వెళ్లాయి. ఈ మాట నేను గర్వంగా చెప్పడం లేదు. ఆ మరొక మెట్ట మీద ఏముండేదో నాకు తెలియదు. నేను దానిని ఎక్కలేదు. ఇప్పుడు ఎక్కడానికి అది లేదు.

లేబుల్ మీది చిరునామా

ఖాదర్ గారు ఆ మొక్కను కుట్టిన కాగితానికి, అంటే షీటుకు, లేబుల్ రాయబోతూ కలం ఆపారు. "ఊరి పేరు ఏం రాయమంటారు?"

అది చిక్కుప్రశ్న. చోటు రాయని నమూనాకు శాస్త్రంలో విలువ లేదు. చోటు రాస్తే, అరుదైన మొక్కలు పోగుచేసుకునేవారు ఆ లేబుల్ పట్టుకుని వస్తారు. అంతకుముందు ఒకసారి నేను ఒక వ్యాసంలో ఒక మొక్క చోటును గుట్ట పేరుతో సహా వివరంగా రాశాను. మరుసటి యేడు వెళితే గుంటలు మాత్రమే కనిపించాయి. నా అక్షరాలే వారికి దారి చూపాయి.

చాలాసేపు ఆలోచించాక ఖాదర్ గారే అన్నారు. "దారి ఎందుకండీ, దారి తెలిసినావిడ పేరు రాసేద్దాం. ఆవిడ మనిషిని చూసి చెబుతారు."

అలా ఆ షీటు మీద, తన ముద్దైన గుండ్రని చేతిరాతతో, ఆయన రాశారు: "కామవరపుకోటలో బస్సు దిగి, మెట్టదారిని నడిచి, రాహేలమ్మ గారిని అడగవలెను." హెర్బేరియం నియమాలకు అది పూర్తిగా విరుద్ధం. రాఘవరావు గారు చదివి, సంతకం పెట్టారు.

నేను పదవీ విరమణ చేశాక, ఖాదర్ గారు కూడా ఆ గది తాళాలు అప్పగించి వెళ్లాక, కొత్తగా పరిశోధనలో చేరిన ఒక అమ్మాయి నాకు ఫోన్ చేసింది. "సార్, ఒక షీటు మీద లొకేషన్ బదులు ఒకావిడ పేరుంది. ఎవరండీ ఆవిడ?"

తొలివాన పడిన వారంలో ఇద్దరమూ వెళ్లాం. నా మోకాళ్లు మూలిగాయి గాని మెట్టదారి మాత్రం మారలేదు. అరుగు మీద ఎవరూ లేరు. గుమ్మంలో పిలిస్తే శాంతకుమారి బయటికి వచ్చింది. జుట్టు అక్కడక్కడ నెరిసింది.

"అత్తయ్యగారు పోయి ఏడాది దాటిందండీ" అంది. నేను కూర్చున్నాను. ఆమె అడగకుండానే మజ్జిగ తెచ్చింది. తాగుతున్నంతసేపు ఆ అమ్మాయిని ఎగాదిగా చూసింది, ముఖాన్ని, చేతులను, భుజాన ఉన్న సంచీని. తరువాత లేచింది.

"చెప్పులు ఇక్కడ వదిలేయండమ్మా. ఒక్కటే కొయ్యాలి. పైభాగమే. గడ్డ కదపకూడదు." ఆ మాటల్లో కొన్ని అత్తగారివి, కొన్ని నావి. ఇప్పుడు అన్నీ ఆమెవే అయ్యాయి.

వాలు మీద కొత్తగా సున్నం వేసిన సమాధి ఒకటి కనిపించింది. దాని దగ్గర కాసేపు నిలబడ్డాను. చుట్టూ గడ్డి కుదురుగా కోసి ఉంది. ఊదాపూల మీద ఈగలు ముసిరాయి. ఆ అమ్మాయి మోకాళ్ల మీద వంగి, ముందు ఏమీ కనపడక, తరువాత ఒకటి కనపడి, ఆ తరువాత సంచీలోంచి భూతద్దం తీసింది.

తిరిగి వస్తూ, నోటుపుస్తకం తెరిచి నా వైపు చూసింది. "లొకేషన్ ఏమని రాయమంటారు సార్?"

"మీ షీటు, మీ ఇష్టం" అన్నాను.

ఆమె కొంచెం ఆలోచించింది. శాంతకుమారి వైపు తిరిగి, "మీ ఇంటిపేరు కూడా చెబుతారా అక్కా?" అని అడిగింది. "ఇంటిపేరు దేనికమ్మా, నా పేరు చెబితే అందరికీ తెలుసు" అంది శాంతకుమారి. ఆ అమ్మాయి అరుగు అంచున కూర్చుని, ఖాదర్ గారు రాసిన వాక్యాన్ని అక్షరం పొల్లుపోకుండా, పేరు ఒక్కటి మార్చి రాసుకుంది: కామవరపుకోటలో బస్సు దిగి, మెట్టదారిని నడిచి, శాంతకుమారి గారిని అడగవలెను.